హాన్ సారు పట్టిన బంతులు

మొన్న వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, గోదావరిఖని ఎండ సంగతి తెలిసిన వాళ్ళెవరూ గడప దాటని వేళ, మా ఇంటి ముందు హైదరాబాద్ నంబరు కారొకటి ఆగింది. ముందు నా చిన్ననాటి స్నేహితురాలు షమీమ్ దిగింది. ఆమె వెనకే నలభైకి దగ్గరపడిన ఒక విదేశీ అమ్మాయి, చేతిలో అట్ట ఊడిన చిన్న నోటుబుక్కుతో దిగింది. పాత క్వార్టర్ల దగ్గర మా నాన్న పేరు చూపిస్తూ తిరుగుతుంటే ఎవరో షమీమ్ వాళ్ళ మెకానిక్ షెడ్డుకు పంపారట. షమీమ్ ఊరుకునే రకం కాదు, డ్రైవరు పక్క సీటెక్కి తానే తీసుకొచ్చేసింది. గుమ్మంలో నిలబడి, "రాజీ, దేఖ్ కౌన్ ఆయా!" అంది. ఎవరొచ్చారో చెప్పనక్కర లేకపోయింది. పాదాలు కొంచెం ఎడంగా పెట్టి, బరువంతా మునివేళ్ళ మీద వేసి, ఎటువైపు పిలిస్తే అటు దూకడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆ నిలబడటం హాన్ సారుది.

ఆ అమ్మాయి పేరు సూజిన్. కొరియా నుంచి వచ్చింది, హాన్ సారు కూతురు. ఆయన కిందటి చలికాలంలో చనిపోయారని, బల్ల సొరుగులో దొరికిన నోటుబుక్కులో ఇండియా అడ్రసు ఒక్కటే ఉందని చెప్పింది. అది మా పాత క్వార్టరు నంబరు, కింద మా నాన్న పేరు. నేను ముప్పై ఏళ్ళుగా పిల్లలకు తెలుగు చెప్పుకుని బతుకుతున్నదాన్ని, నా ఇంగ్లీషు తోస్తే తప్ప కదలని బండి. అయినా ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే రకం బళ్ళు కావడంతో ఇబ్బంది లేకుండా నడిచిపోయింది. కూలరు ముందు కూర్చుని, సర్వపిండి ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, ధైర్యం చేసి కొరికి, బాగుందని ఇంకో ముక్క తీసుకుంది. ఆ తర్వాత అసలు మాట అడిగింది.

"మా నాన్న తొమ్మిదేళ్ళు మా దేశంలో ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడాడు. కానీ ఇంట్లో ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు. టీవీలో ఆట వస్తే లేచి బయటికి వెళ్ళేవాడు. ఎందుకు మానేశావంటే భుజం నొప్పి అనేవాడు. అదే భుజం మీద నన్ను పదేళ్ళు ఎక్కించుకుని తిరిగాడు. అది అబద్ధమని అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. నిజమేమిటో ఎవరికీ తెలియదు. మీకేమైనా చెప్పాడా?"

చెప్పారు. ఆ నిజం నాకు తెలుసు. కానీ ఒక మనిషి కట్టుకున్న భార్యకూ కన్నబిడ్డకూ ముప్పై ఏళ్ళు చెప్పకుండా దాచిన మాటను, ఆయన పోయాక, ఎవరో పరాయిదాన్ని నేను చెప్పవచ్చునా? షమీమ్ నా మోచెయ్యి గిల్లి, "బోల్‌దే నా రాజీ, బచ్చీ ఇత్తి దూర్ సే ఆయీ," అంది. అంత దూరం నుంచి వచ్చిందన్న సంగతి నాకూ కనబడుతూనే ఉంది. టీ పెట్టి వస్తానని వంటింట్లోకి పోయి, పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డాను. పొంగిన తర్వాత కూడా కొంచెంసేపు నిలబడ్డాను.

నా చిన్నప్పటి నుంచీ మేము బొగ్గు గని కాలనీలో రెండు గదుల క్వార్టరులో ఉండేవాళ్ళం. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. మా ఇంట్లో గోడ గడియారం ఉండేది కానీ దాన్ని చూసిన పాపాన ఎవరూ పోలేదు. మా గడియారం బాయి సైరను. బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. మొదటి షిఫ్టు సైరను కూస్తే బాపు సద్ది గిన్నె పట్టుకుని వెళ్ళేవాడు, షిఫ్టు దిగే సైరను కూస్తే అవ్వ ఎసట్లో బియ్యం పోసేది. సాయంత్రం ప్రతి గుమ్మం ముందూ బొగ్గు పొయ్యి రాజుకునేది. ఆ పొగ వరస మొత్తం మీద దుప్పటిలా పరుచుకుని, ఎవరింట్లో ఏం ఉడుకుతున్నదో వాసన పట్టే వీలు కూడా ఉండేది కాదు. బాపు రాగానే పెరట్లో బండ మీద కూర్చుని ఒళ్ళు తోముకునేవాడు, నల్లనీళ్ళు తూముగుండా బయటికి పోయేవి. అవ్వ చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టేది. బెల్లం గొంతులో పడ్డ బొగ్గు దుమ్మును కిందికి దించుతుందని కాలనీ అంతటికీ నమ్మకం. నిజమో కాదో ఏ డాక్టరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అదే సైరను వేళకాని వేళ కూస్తే మాత్రం అది గడియారం కాదు. లోపల ఏదో జరిగిందని అర్థం. నాకు పదేళ్ళున్నప్పుడు ఒకరోజు మధ్యాహ్నానికి ముందే కూసింది. అవ్వ పొయ్యి మీది గిన్నె దించలేదు, తలుపు వెయ్యలేదు, చెప్పులు తొడుక్కోలేదు, నా చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. కాలనీ ఆడవాళ్ళందరూ అలాగే బాయి గేటు వైపు పరుగెత్తారు. ఆ రోజు మా బాపు క్షేమంగా వచ్చాడు. మా వెనక వరసలో ఒకాయన రాలేదు. ఆ తర్వాత నుంచి వేళకాని సైరను వింటే ఎక్కడున్నవాళ్ళం అక్కడ లేచి నిలబడి, బాయి ఉన్న దిక్కుకు తల తిప్పడం మాకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. ఎవరూ నేర్పలేదు, పొగలాగే ఒంటికి పట్టింది.

బాపు టింబరుమన్. గని లోపల పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టే పని. దుంగ నిలబెట్టే ముందు ఇనుప కడ్డీతో కప్పు మీద కొట్టి, ఆ చప్పుడు వినాలి. కంగుమంటే మంచి కప్పు, డొల్లగా పలికితే వెనక్కి తిరగాలి. ఆ అలవాటు ఆయన్ను బయట కూడా వదల్లేదు. ఎవరింటికి చుట్టంగా పోయినా ముందు వేలి మెటికలతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టి, తల పక్కకు వంచి విని, ఆ తర్వాతే కూర్చునేవాడు. మా చిన్నక్కకు సంబంధం చూడటానికి వెళ్ళిన ఇంట్లో కూడా అలాగే కొట్టి చూశాడు. వియ్యంకుడు కాబోయే ఆయన మొహం మాడ్చుకున్నాడు. అవ్వ తిరుగుదారంతా సతాయించింది. "మనుషులను జూద్దామని వోతె గోడలు జూస్తివి గదయ్యా," అని. బాపు తాపీగా, "గోడ మంచిగున్నది. మనుషులది నీకెర్క," అన్నాడు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో కాలనీ ఆడపిల్లలం ఒక సాఫ్ట్‌బాల్ జట్టు కట్టుకున్నాం. బేస్‌బాల్‌కు చెల్లెలి వంటి ఆట అది, బంతి కొంచెం పెద్దది, మైదానం కొంచెం చిన్నది, మిగతాదంతా ఒకటే. మా జిల్లాల్లో ఆడపిల్లల్ని పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్న ఆటల్లో అదొకటి, కారణమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తొమ్మిదిమందికి కలిపి నాలుగే గ్లవ్‌లు. మిగతా ఐదూ బాపువాళ్ళు పారేసిన బాయి బూట్ల తోలు కోసి చెప్పులు కుట్టే ఆయన కుట్టిచ్చినవి. కొత్త తెల్ల బంతి మా గ్రౌండులో పది నిమిషాల్లో బొగ్గు రంగుకు తిరిగేది, పొద్దు వాలితే కనబడేది కాదు. షమీమ్ క్యాచర్, బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టే మనిషి, తలకు స్కార్ఫు కట్టి దాని మీద మాస్కు బిగించేది. బంతి కొట్టినవాళ్ళు నాలుగు మూలల్లోని బేసులను వరసగా తాకి వస్తే ఒక పరుగు. నేను షార్ట్‌స్టాప్. అంటే రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్య ఖాళీలో నిలబడి, నేల మీద దూసుకొచ్చే బంతిని ఆపి, కొట్టినవాళ్ళు చేరేలోపు ఒకటో బేసుకు విసిరే మనిషిని.

ఒక సాయంత్రం గ్రౌండు అంచున ఎర్రటి టోపీ పెట్టుకున్న పొట్టి విదేశీయుడు నిలబడి మా ఆట చూస్తున్నాడు. బాయిలో కొత్త మిషన్లు బిగించడానికి కొరియా నుంచి మనుషులు వచ్చారని, గెస్ట్‌హౌస్‌లో ఉంటున్నారని విన్నాం. మూడు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా చూశాడు. నాలుగోరోజు నేను ఒక బంతిని వదిలేస్తే భరించలేక చెప్పులు విడిచి గ్రౌండులోకి వచ్చేశాడు. బ్యాటు తీసుకుని షమీమ్‌తో బంతులు విసిరించుకుని వరసగా నా వైపే కొట్టాడు. ఆ రోజు నా మోకాళ్ళు పగిలాయి. మర్నాడు కూడా వచ్చాడు. అలా ఏడాదిన్నర వచ్చాడు మా హాన్ సారు.

ఫిట్టర్లతో పనిచేసి ఆయన నేర్చుకున్న తెలుగు మా ఖని తెలుగే, అందులో సగం ఉర్దూ. "జల్ది జల్ది," "ఫికర్ జెయ్యకు," "మల్ల ఒకసారి," ఈ మూడింటితో సగం కోచింగ్ నడిచేది. ఆయన అన్నిటికంటే ఎక్కువసార్లు అన్నది, "ముందు ఇను. చెవి ముందు. కన్ను లేటు." బ్యాటుకు బంతి తగిలిన చప్పుడులోనే అది ఎటు వస్తుందో, ఎంత జోరుగా వస్తుందో ఉంటుందట. కంటికి కనబడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమట. మమ్మల్ని వెనక్కి తిప్పి నిలబెట్టి, తాను బంతి కొట్టి, "ఎటు?" అని అడిగేవాడు. మొదట్లో అందరూ తప్పు చెప్పేవాళ్ళం. నెల తిరిగేసరికి పదింటిలో ఎనిమిది చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఆశ్చర్యపోయి, నీకు ఈ చెవులు ఎక్కడివని అడిగాడు. మా బాపును చూపిస్తానని ఇంటికి పిలుచుకొచ్చాను.

ఆ మొదటి సాయంత్రం అంత సజావుగా ఏమీ జరగలేదు. హాన్ సారు బిగిస్తున్న మిషన్లు గని కప్పును మోసే ఇనుప కాళ్ళు. అవి వస్తే కర్ర దుంగలకూ, దుంగలు నిలబెట్టే వాళ్ళకూ పని ఉండదని అప్పటికే బాయి మీద చెప్పుకుంటున్నారు. బాపు ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, సూటిగా అడిగాడు.

"సారూ, మీ ఇనుప కాళ్ళు బలమైనయే. మరి గాటికి చెవులున్నయా?"

నేను వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. హాన్ సారు చెవులు లేవన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "ఇనుముకు చెవి లేదు. నువ్వు ఉండాలె," అన్నాడు. బాపు మొహం విప్పారింది. లేచి గోడ మీద మెటికలతో కొట్టి, ఎక్కడ గట్టిది ఎక్కడ డొల్లదో వినిపించాడు. హాన్ సారు గోడకు చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరు పెద్దమనుషులు క్వార్టరు గోడలన్నీ కొట్టుకుంటూ తిరుగుతుంటే అవ్వ గిన్నెలు కడుగుతూ, "దొరికిండు నీకు తగ్గోడు," అని గొణుక్కుంది. ఆ తర్వాత వారానికి రెండుసార్లైనా ఆయన మా ఇంట్లో తినేవాడు. పప్పులో పచ్చిపులుసు కలుపుకుని తినే మొదటి కొరియావాడు, బహుశా ఆఖరివాడు కూడా, ఆయనే అయి ఉంటాడు.

ఆయన ఆట గురించి మాకు తెలిసిందంతా ఆ మంచం మీద, ముక్కలు ముక్కలుగా విన్నదే. ఆయనదీ బొగ్గు ఊరే. కొండల మధ్య ఊరు, ఏరులో నీళ్ళు కూడా నల్లగా పారేవట. వాళ్ళ నాన్న బాయిలో పనిచేసేవాడు. ఆయన మాత్రం బడి జట్టులో ఆడి, ఆఖరి విడతలో ఎంపికై, ఒక పెద్ద నగరం జట్టులో చేరాడు. మొదటి ఐదేళ్ళు రెండో జట్టులోనే. చూసేవాళ్ళు లేని గ్రౌండుల్లో పొద్దున పూట మ్యాచులు, తన బట్టలు తానే ఉతుక్కోవడం, పొడుగాటి బస్సు ప్రయాణాలు. తర్వాత నాలుగేళ్ళు మొదటి జట్టు, అదీ బెంచీ మీద. జట్టు ఒకటి రెండు పరుగుల ముందున్నప్పుడు ఆఖరి రెండు ఇన్నింగ్సులకు దింపేవాళ్ళట. రెండో బేసు, షార్ట్‌స్టాప్, మూడో బేసు, ఇన్‌ఫీల్డులో ఏ మూల కావాలంటే ఆ మూల. ఇంటికి తాళం వేసేవాడి పని నాది అని గర్వంగా చెప్పుకునేవాడు.

బ్యాటింగ్ మాట ఎత్తితే తానే ముందు నవ్వేవాడు. తొమ్మిదేళ్ళలో ఆయన కొట్టినవి రెండే రెండు హోమ్ రన్లు. బంతి గ్రౌండు దాటిపోతే కొట్టినవాడు రాజాలాగా తాపీగా నాలుగు బేసులూ చుట్టి రావచ్చు. మొదటిసారి కొట్టినప్పుడు ఈయనకు నమ్మకం లేక, బంతి లోపలే పడి ఉంటుందని తల వంచుకుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తి, ఆఖరి బేసు దగ్గర నేల మీద జారి పడ్డాడట. స్టేడియమంతా ఒకటే నవ్వులట. ఆ జారడం మా వాకిట్లో చేసి చూపించాడు. బాపు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. అంత సరదాగా చెప్పే మనిషి, ఎందుకు మానేశారు సారూ అంటే మాత్రం కుడి భుజం మీద చెయ్యి వేసుకుని ఊరుకునేవాడు. పాపం, భుజం పోయింది కాబోలు అనుకునేవాళ్ళం. అదే భుజంతో రోజూ మాకు రెండొందల బంతులు విసిరేవాడని మాకు తట్టలేదు.

ఆ ఏడు జిల్లాల పోటీలో మా జట్టు ఫైనల్‌కు వచ్చింది. మా ఊరికి దగ్గరే ఉన్న జ్యోతినగర్‌లో, కరెంటు ప్లాంటు టౌన్‌షిప్ గ్రౌండులో ఆట. పచ్చగడ్డి, సున్నం గీతలు, కూర్చోవడానికి నీడ. మా గ్రౌండు నుంచి వెళ్ళినవాళ్ళకు పెళ్ళివారింట్లో అడుగుపెట్టినట్టుంది. రాష్ట్ర జట్టుకు షార్ట్‌స్టాప్ కావాలని హైదరాబాద్ నుంచి ఒక సెలక్టరు వచ్చారు. హాన్ సారు గెస్ట్‌హౌస్ ఫోన్‌లో ఎన్నిసార్లు బతిమాలితే వచ్చారో నాకు తెలుసు. రాష్ట్ర జట్టులో చేరితే హైదరాబాద్‌లో క్యాంపు, ఆటల కోటాలో పై చదువు. బొగ్గు దుమ్ము వాసన లేని బతుకు ఒకటి ఉంటుందని నాకు అప్పటికే ఆశ పుట్టింది. దాచుకోవడం ఎందుకు, ఆ ఎంపిక నాకు ప్రాణంతో సమానమైపోయింది.

ఆ రోజు నేను ఎంత బాగా ఆడానో నేను చెప్పుకుంటే స్వోత్కర్ష అవుతుంది, షమీమ్‌ను అడగండి. సెలక్టరు రెండుసార్లు నా పేరు రాసుకోవడం షమీమ్ మాస్కులోంచి చూసి నాకు సైగ చేసింది. ఆఖరి ఇన్నింగ్సు. మాది ఒక్క పరుగు పైచేయి. వాళ్ళకు ఇద్దరు అవుట్, రెండో బేసు మీదా మూడో బేసు మీదా మనుషులున్నారు. ఇంకొక్కరు అవుటైతే కప్పు మాది. మా పిచ్చరు బంతి విసిరింది. సరిగ్గా అప్పుడే సైరను లేచింది.

బ్యాటు చప్పుడు నేను వినలేదు. నేను విన్నది సైరను ఒక్కటే. టైము మధ్యాహ్నం రెండున్నర, ఏ షిఫ్టుదీ కాని వేళ, బాపు మొదటి షిఫ్టులో లోపలున్నాడు. నిటారుగా లేచి నిలబడ్డాను. తల ఖని వైపు తిరిగిపోయింది. బంతి నేల మీద నాకు సూటిగా, చంటిపిల్ల కూడా పట్టేంత నెమ్మదిగా వచ్చి, నా కుడికాలి పక్కనుంచి వెళ్ళిపోయింది. వెనకనున్న పిల్లైనా పట్టాలి కదా, ఆమె కూడా వెనక్కి తిరిగే ఉంది. షమీమ్ మాస్కు తీసేసి నిలబడి ఉంది. మా తొమ్మిదిమందిమీ ఒకే దిక్కుకు తిరిగి దిష్టిబొమ్మల్లా నిలబడి ఉంటే, బేసుల మీదున్న ఇద్దరూ నింపాదిగా ఇంటికి నడిచొచ్చినట్టు వచ్చి రెండు పరుగులు చేశారు. టౌన్‌షిప్ జనం చప్పట్లు కొట్టారు. ఎవరో అరిచి చెప్పారు, అది ప్లాంటువాళ్ళు ఫైర్ డ్రిల్లుకు వేసే సైరను, నెలనెలా వేస్తారు, ఏమీ కాలేదు అని. వాళ్ళల్లో ఒక్కరూ ఆ కూతకు తల కూడా ఎత్తలేదు. సెలక్టరు పుస్తకం మూసి, "ఆటమీద ధ్యాస లేని పిల్లలతో రాష్ట్ర జట్టు నడవదు," అని నాకు వినబడేట్టే అన్నారు.

డ్రిల్లు అని చెప్పినా మాకు నమ్మకం చిక్కలేదు. కళ్ళతో చూస్తే తప్ప చిక్కదు. రన్నరప్ కప్పు ఇస్తాం ఆగండంటున్నా ఆగకుండా వ్యాను దగ్గరికి పరుగెత్తాం. అప్పటికే హాన్ సారు డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుని ఉన్నాడు. "బాయి గేటు. జల్ది," అంటున్నాడు. దారి పొడుగునా కళ్ళు రోడ్డు మీదే పెట్టాడు. నా వైపు చూడలేదు. నన్ను చూసి సిగ్గుపడుతున్నాడనుకున్నాను. ఏడాదికి పైగా మోకాళ్ళు పగలగొట్టుకుని నేర్చుకున్నదంతా ఒక్క బంతితో మట్టిపాలు చేశానని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

గేటు దగ్గర అంతా మామూలుగానే ఉంది. చాయ్ బండి దగ్గర రెండో షిఫ్టువాళ్ళు బీడీలు కాలుస్తున్నారు. మమ్మల్ని చూసి, "ఏమైంది బిడ్డా?" అని వాళ్ళే గాబరాపడ్డారు. అయినా మేము కదల్లేదు. షిఫ్టు సైరను కూసింది. మనుషులు పైకి రావడం మొదలైంది. ల్యాంపులు అప్పగించి, నల్లటి మొహాల్లో కళ్ళు మెరుస్తూ, ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. జట్టులో ఒక్కొక్క పిల్లా వాళ్ళ నాన్ననో అన్ననో చూసుకుని వెళ్ళిపోతున్నది. మా బాపు రాలేదు. టింబరుమన్ కప్పు కింద నుంచి అందరూ కదిలాక కదులుతాడు, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా గేటు ఊచలు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చూశాను. పక్కన హాన్ సారు టోపీ చేత్తో నలుపుతూ, ఆ బాయి నోటివైపే కన్ను ఆర్పకుండా చూస్తున్నాడు.

చిట్టచివర బాపు వచ్చాడు. భుజం మీద తువ్వాల, చేతిలో ఖాళీ సద్ది గిన్నె. మమ్మల్ని చూసి ఆగాడు. హాన్ సారు ముందుకు నడిచి, చేతులు రెండూ తొడలకు ఆనించి, నడుము దాకా వంగి నిలబడ్డాడు. ఎంతకీ లేవడే. బాపు కంగారుపడిపోయాడు.

"ఏంది సారూ గిట్ల! లెవ్వుండ్రి, లెవ్వుండ్రి. అందరు జూస్తుండ్రు," అని, నా వైపు తిరిగి, "మ్యాచ్ ఓడిపోయిండ్రా బిడ్డా? గందుకేనా గీ సారు నాకు మొక్కుడు?"

"ఓడిపోయినం బాపు. బాల్ నేనే ఇడిచిపెట్టిన."

"పోతె పోయింది తియ్యి. ఆకలైతుంది, నడువుండ్రి."

ఆ సాయంత్రం బాపు స్నానం చేసి, తిని, బెల్లం ముక్క నోట్లో వేసుకుని గడపలో కూర్చునేదాకా హాన్ సారు మా వాకిట్లోంచి కదల్లేదు. అన్నం వడ్డిస్తే, బాపు తిన్నాక తింటానన్నాడు. బయట పొయ్యిల పొగ కమ్ముకుంటున్నది. నేను మంచం కోడు పట్టుకుని కూర్చుని, "సారీ సార్," అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత, అంతవరకూ భుజం మీద చెయ్యి వేసుకుని దాటవేసిన మాట చెప్పాడు, సగం మా తెలుగులో, సగం ఇంగ్లీషులో.

ఆయన మొదటి జట్టులో ఉన్న నాలుగో ఏడు. ఊరికి చాలా దూరంలో, సముద్రం పక్క నగరంలో మ్యాచ్. రెండో బేసు ఆడేవాడికి దెబ్బ తగలడంతో ఆ రోజు మొదటినుంచీ ఈయన్నే దింపారు. ఆట మొదలైన కాసేపటికి స్టేడియం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. వాళ్ళ నాన్న పనిచేసే బాయిలో కప్పు కూలింది, నాన్నను దవాఖానకు తీసుకెళ్ళారు, ప్రాణం ఉంది, వెంటనే పంపండి అని. ఆ సంగతి రాసిచ్చిన చీటీని మేనేజరు జేబులో పెట్టుకున్నాడు. రెండో బేసుకు ఇంకొక మనిషి లేడు. ఆ రోజు బంతులన్నీ ఈయన వైపే వచ్చాయట. దూకి పట్టాడు, పడుకుని పట్టాడు, వెనక్కి పరుగెత్తి పట్టాడు. జట్టు గెలిచింది. ఫోటోలు తీసుకున్నారు, భుజం తట్టారు. ఆ తర్వాత చీటీ ఇచ్చారు. ఈయన ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. నాన్న సాయంత్రం దాకా ఉన్నాడట. కొడుకు వచ్చాడా అని అడిగాడట.

"ఆ దినం నేను అన్ని బాల్స్ పట్టిన," అన్నాడు హాన్ సారు. "ఒక్కటి ఇడువలె." ఖాళీ చేతులు రెండూ ముందుకు చాపి చూసుకున్నాడు. "నువ్వు ఇన్నవ్. నేను ఇనలె."

అంతే చెప్పాడు. ఆ ఏటి మిగతా మ్యాచులు ఆడేసి, గ్లవ్ తిరిగిచ్చేసి, కప్పును మోసే ఇనుప కాళ్ళు చేసే కంపెనీలో పనికి చేరాడట. మాకు ఇది చెప్పిన కొన్ని నెలలకు మా బాయిలో పని ముగించుకుని వెళ్ళిపోయాడు. నాకు రాష్ట్ర జట్టు రాలేదు. మళ్ళీ ఏ సెలక్టరూ రాలేదు, నేనూ బీఎడ్ చేసి పంతులమ్మనయ్యాను. ఆ ఓటమి నన్ను బాధపెట్టలేదంటే అబద్ధం. జ్యోతినగర్ మీదుగా బస్సులో పోతే ఇప్పటికీ ఆ గ్రౌండు వైపు చూడను. కానీ ఆ బంతి ఎందుకు వదిలానా అని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు, అనుకోనివ్వకుండా చేసి వెళ్ళాడు ఆయన.

ఇప్పుడు మా పాత బాయి మూసేశారు. ఆ చుట్టుపక్కల నేల తవ్వి తీసే గనులే ఎక్కువ, లోపలికి దిగే మనుషులు తగ్గారు. సంతోషించాల్సిన విషయమే, కప్పే లేనిచోట కూలేదేముంది. పొయ్యిలు పోయి గ్యాసు వచ్చింది, సాయంత్రం ఆకాశం కనబడుతున్నది. ఏదైనా జరిగితే సైరను కంటే ముందు ఫోనులో మెసేజి వస్తుంది. మా బడి పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని తిరుగుతారు, పేరుపెట్టి మూడుసార్లు పిలిస్తే గాని తిరిగి చూడరు. నాకు కోపం వస్తుంది, వెంటనే అసూయా పుడుతుంది. ఏ చప్పుడుకూ గుండె జారని బాల్యం వాళ్ళది. మా బాపు పోయి పన్నెండేళ్ళవుతున్నది, మంచం మీదే, మా అందరి మధ్యా పోయాడు. బాయిలో పనిచేసిన మనిషికి అంతకంటే ఏం కావాలి.

చల్లారిన టీ మళ్ళీ వేడిచేసి తెచ్చి సూజిన్ ముందు కూర్చున్నాను. చెప్పేశాను. ఆయన దాచింది సిగ్గుతో కాదు, మోయలేక. మోయలేక దాచుకున్నది బిడ్డకు కాకపోతే ఎవరికి అందాలి? సముద్రం పక్క నగరం, చీటీ, పట్టిన బంతులు, మా మ్యాచ్, బాయి గేటు, అన్నీ చెప్పాను. నా తోపుడు బండి ఇంగ్లీషు ఆ రోజు ఎక్కడా ఆగలేదు. షమీమ్ చున్నీతో కళ్ళు తుడుచుకుంటున్నది. సూజిన్ ఏడవలేదు. తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

"ఏడాదికోసారి తాతగారు పోయిన రోజు జరిపేవాళ్ళం," అంది. "అమ్మ అన్నీ వండి పెట్టేది. నాన్న మాత్రం కూర్చునేవాడు కాదు. వీధి చివరిదాకా వెళ్ళి రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాడు. అన్నం చల్లారిపోయేది. రోజూ తాగే సిగరెట్టు ఒక్కరోజైనా ఆపలేవా అని అమ్మ ఆయన్ను తిట్టేది. మళ్ళీ ఏడూ అలాగే వెళ్ళేవాడు." టీ గ్లాసు కింద పెట్టింది. "సిగరెట్టు కోసం కాదన్నమాట."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా వైపు చూసి, అంతకుముందే చెప్పిన సంగతినే మళ్ళీ అడిగింది.

"గేటు దగ్గర మా నాన్న అంతసేపు నిలబడ్డాడు కదా. మీ నాన్న వచ్చాడా?"

ఇంగ్లీషు ఒక్క ముక్క నోటికి రాలేదు.

"వచ్చిండు బిడ్డా," అన్నాను. "మీ నాయిన సూస్తుండంగనే వచ్చిండు."